ఉంగరమునకు పాట కట్టినవారు

వేయి పుటలకు పైబడిన గ్రంథమును, అందునను కథానాయకులు కాలములో అధికభాగము కాలినడకనే గడపు గ్రంథమును, మూడు గంటల కాలములో, నాలుగు గోడల నడుమ, పాటలతోను నాట్యముతోను ప్రదర్శింపవలెనని ఎవరైన సంకల్పించినచో, దానిని సాహసమనవలెనో అవివేకమనవలెనో ప్రదర్శన ముగిసిన పిమ్మటగాని తేలదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడుగా నుండిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువరించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అను అద్భుతకథ విషయమున ఇట్టి సాహసము మొదట 2006లో కెనడా దేశపు టొరంటో నగరమున జరిగినది. మఱుసటి యేడు లండనులో జరిగినది. ఆపైన చిరకాలమునకు, 2023లో, ఇంగ్లండులోని యొక పల్లెటూరి నాటకశాలలో జరిగినది. మూడింటికిని మూలమొక్కటే, పాటలు కట్టినవా రొక్కరే. ప్రదర్శనలు మాత్రము ఒకదాని కొకటి పోలిక లేనివి.

కథ నెఱుగని పాఠకులకు దానిని క్లుప్తముగా చెప్పవలెను. హాబిట్లనబడు పొట్టిజాతివారు షైరను పచ్చని సీమలో వ్యవసాయము చేసికొనుచు, విందులు గుడుచుచు, లోకముతో నిమిత్తము లేక బ్రదుకుచుందురు. వారిలో ఫ్రోడో అనువాని చేతికి పెదతండ్రి వరుసవాడగు బిల్బో వలన ఒక ఉంగరము సంక్రమించును. లోకమునంతటిని దాస్యమున ముంచుటకై సౌరోనను దుష్టశక్తి పోత పోసిన ఉంగరమది. దానిని పోసిన అగ్నిపర్వతములోనే మఱల పాఱవైచినగాని అది నశింపదు. గాండాల్ఫ్ అను మాంత్రికుని ప్రేరణమున ఫ్రోడో బయలుదేఱును. సామ్ అను నమ్మినబంటు వెంటనంటును. ఒకనాడా యుంగరమును ధరించి, దాని మోహమున శిథిలుడైపోయిన గొల్లమ్ అను జీవి కొంతదవ్వు వెన్నాడి, కొంతదవ్వు దారి చూపును. ఇదంతయు మూడు వాక్యములలో చెప్పవచ్చును. కాని ఆ గ్రంథమును ప్రేమించినవాడు ఈ మూడు వాక్యముల కొఱకు దానిని ప్రేమింపలేదు. ప్రతి కొండకును పూర్వకథ, ప్రతి జాతికిని వేఱొక భాష, ప్రతి మజిలీలోను ఒక పాట — ఆ సమృద్ధియే వాని ప్రేమకు కారణము. అనుసరణకర్తకు కలుగు చిక్కంతయు నిందే యున్నది.

ఈ చిక్కు టోల్కీనుతో పుట్టినది కాదు. అమెరికాలో ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో ఓజ్ అను మాయాదేశమును గూర్చి బాలుర కొక కథ వ్రాసెను. రెండేండ్లకే అది చికాగోలో సంగీతనాటకముగా వెలసి, 1903లో న్యూయార్కునకు పోయి విశేషధనము నార్జించెను. పుస్తకములో బాలిక వెంట తిరుగు కుక్కపిల్ల ఆ నాటకములో లేదు. దానికి బదులు ఒక ఆవు ప్రవేశించినది! ఆవు వేషము ధరించి మనిషి గెంతులు వేయవచ్చును గాని కుక్కపిల్ల వేషమున మనిషి యిముడడు గదా. గ్రంథకర్త కిది రుచింపలేదనుకొందు మేమో. ఆయన తరువాతి ఓజ్ కథను నాటకశాలను దృష్టియందుంచుకొనియే వ్రాసి, మొదటి నాటకములో దిష్టిబొమ్మ వేషమును రేకుమనిషి వేషమును వేసి పేరుగాంచిన ఇరువురు నటులకు అంకిత మిచ్చెను. ఆ రెండవ కథనుండి 1905లో వచ్చిన నాటకము వెంటనే మూలపడినది. పుస్తకము నాటకమునకు లొంగినను ప్రమాదమే, నాటకము పుస్తకమునకు లొంగినను ప్రమాదమే యన్న సంగతి నూఱేండ్ల క్రిందటనే ఋజువైనదన్నమాట.

టోల్కీను తన గ్రంథముయొక్క చలనచిత్ర, రంగస్థల హక్కులను 1969లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు విక్రయించెను. 1976లో అవి సాల్ జేంట్జ్ అను నిర్మాత వశమయ్యెను. 2001 మొదలు 2003 వఱకు పీటర్ జాక్సన్ తీసిన మూడు చిత్రములును లోకమంతట ఆడి, ఆ కథ తెలియనివారు అరుదైన దినములవి. అంతకుముందు ఆండ్రూ లాయిడ్ వెబర్ సంస్థలో పనిచేసిన కెవిన్ వాలస్ అను నిర్మాత జేంట్జ్ తో చేతులు కలిపి నాటకమునకు పూనుకొనెను. షాన్ మెకెన్నా, మాథ్యూ వార్కస్ కలిసి మాటలను పాటలను వ్రాసిరి, వార్కసే దర్శకుడు. తొలుత లండనులోనే ప్రారంభింపదలచిరి గాని తగినంత పెద్ద నాటకశాల ఖాళీ దొఱకనందున టొరంటోకు తరలిపోయిరి.

మూడు చిత్రములును కలిసి తొమ్మిది గంటలకు పైబడి నడచును. నాటకమునకు, టొరంటోలో విశాలహృదయముతో సమయమిచ్చినను, మూడున్నర గంటలే. కావున కత్తెర తప్పలేదు. గ్రంథములో రోహన్ అని, గోండోర్ అని రెండు మానవరాజ్యములుండగా నాటకములో రెండును కలిసి ఒక్క మానవదేశమైనవి. రెండు దేశముల వృద్ధపాలకులు ఇరువురును కలిసి ఒక్క పాత్రయైరి. ఎయోవిన్ అను వీరవనిత లేదు, ఫరామీర్ లేడు, అడవిలో ఆడుచు పాడుచు తిరుగు టామ్ బాంబడిల్ లేడు. తన యభిమానపాత్రము కానరాక ఎందఱు నొచ్చుకొనిరో ఊహించుకొనవచ్చును. అయినను, ఈ కోతలవలన గాక, ఇంత కోసిన పిమ్మటను ఏ మజిలీయు విడువరాదని పరుగెత్తుటవలననే ఆ నాటకము నలిగినదని నా యభిప్రాయము. అంకములు మూడు, వానిలో విందు, పలాయనము, సభ, గుహ, అడవి, యుద్ధము, సాలీడు, అగ్నిపర్వతము ఒకదానివెంట నొకటి త్రోసికొని వచ్చుచుండగా ప్రేక్షకుడు బాటసారివలె నడువక బండిలో కూర్చుండి ఊళ్ల పేళ్లు చదువుకొనువాడైనాడు.

మన నాటకకర్త లీ విషయమున ఎంత గడుసువారో ఇక్కడ స్మరింపక తప్పదు. తిరుపతి వేంకటకవులు భారతమునంతటిని ఒక్క రాత్రిలో ఆడింపబూనలేదు. దానిని పలునాటకములుగా విడదీసి, 'పాండవోద్యోగము'న శ్రీకృష్ణుని రాయబారమును నిలిపి, దానికి పద్యములు కూర్చిరి. ముందువెనుకల కథ ప్రేక్షకునకు పుట్టుకతో తెలిసియుండును. ఎవడెవనికి ఏమి కావలెనో వేదికపై విప్పిచెప్ప బనిలేదు. కనుకనే నటుడొక పద్యమును పట్టుకొని రాగము తీయుచు ఎంతసేపు నిలిచినను, కథ ఆగిపోయెనని యెవ్వరును విసుగుకొనలేదు. టోల్కీను కథకు పాఠకులు కోట్లకొలది యున్నను, నాటకశాలలో కూర్చున్న రెండువేలమందికిని అది కంఠోపాఠమని నమ్ముకొనుటకు నిర్మాతలకు ధైర్యము చాలలేదు. తెలియనివారికి తెలియజెప్పవలెను, తెలిసినవారికి లోపము కానరాకూడదు — ఈ రెండు భయముల నడుమ పాటకు చోటు కుఱచయైపోయినది.

అయితే ఆ పాటలు సామాన్యమైనవి కావు. సంగీతనాటకమునకు లోకమున నొక అలిఖితనియమ మున్నది: మాటలకు మించిన భావము కలిగినప్పుడు పాత్ర పాడవలెను, పాటకును మించినప్పుడు ఆడవలెను. ఈ నియమమును పట్టుకొని ఫ్రోడో ఉంగరమును జూచి యొక పాట, గాండాల్ఫ్ గడ్డము నిమురుకొనుచు నొక పాట పాడియున్నచో నవ్వులపాలగుట నిశ్చయము. కర్తలా పొరపాటు చేయలేదు. మూలగ్రంథమునందే అరువదికి మించిన గేయములున్నవి. అందు హాబిట్లు నడచుచు పాడుదురు, స్నానము చేయుచు పాడుదురు, గంధర్వజాతివారివలె నుండు ఎల్ఫులు తారకలను గూర్చి పాడుదురు, మరుగుజ్జులు తమ పూర్వనగరములను తలచి పాడుదురు. అనగా, పాట ఆ లోకములో వ్యక్తి మనస్సులోని రహస్యము కాదు. ఒక జాతియొక్క ఆచారము. ఈ గేయములకు స్వరము కట్టవచ్చునని టోల్కీను జీవించియుండగనే డోనాల్డ్ స్వాన్ అను సంగీతకర్త నిరూపించెను. 1967లో ఆయన ప్రకటించిన పాటల సంపుటమునకు గ్రంథకర్త సమ్మతియే గాక, ఒక యెల్ఫు గేయమును క్రైస్తవమఠముల ప్రాచీనగానరీతిని పాడవలెనన్న సూచనయు లభించినది.

జాతికొక సంగీతము కావలెనన్నచో ఒక్క సంగీతకర్త చాలడని వాలస్, వార్కస్ తలచిరి. అప్పటికి లండనులో 'బాంబే డ్రీమ్స్' అను సంగీతనాటకమునకు బాణీలు కట్టి 2002లో పేరొందిన ఎ. ఆర్. రహమాన్ నొకవైపునుండి పిలిచిరి. కుఱ్ఱతనమున రాజ్–కోటి జంటకు కీబోర్డు వాయించినవాడు, 'రోజా' పాటలతో తెలుగింటింట ప్రవేశించినవాడు టోల్కీను ఎల్ఫులకు స్వరము కూర్చుట మనవారికి విశేషముగా తోచునుగాని, నిజమునకు ఎన్నిక అసంగతము కాదు. పాశ్చాత్యవాద్యగోష్ఠి సాంకేతికమును, ఆ గోష్ఠికి చెందని గమకమును ఏకకాలమున వశపఱచుకొన్న వాడుగదా ఆయన. ఇంకొకవైపునుండి ఫిన్లండు దేశపు వార్తినా అను జానపదగాయకబృందమును పిలిచిరి. ఇది మఱింత సమంజసమైన ఎన్నిక. టోల్కీను ఆక్స్‌ఫర్డులో విద్యార్థిగా నున్నప్పుడు కళాశాల గ్రంథాలయమున ఫిన్నిష్ వ్యాకరణమొకటి చేజిక్కగా దానికి దాసుడై, ఎల్ఫులకొఱకు తాను సృష్టించిన క్వెన్యా అను భాషకు ఆ ధ్వనులనే ఒఱవడిగా గైకొనెను. ఫిన్నుల జాతీయకావ్యమగు 'కలేవాల'ను ఆయన జీవితాంతము ఆదరించెను. ఆ కావ్యమునకు మూలమైన జానపదగేయములు కొల్లలుగా దొరకినది కరేలియా సీమలో. వార్తినా 1983లో పుట్టినది ఆ సీమలోని రాక్కిల యను గ్రామమున. ఈ రెండు ధారలను ఒక్క కాలువలోనికి మళ్లించి, వాద్యగోష్ఠికి అనువుగా వ్రాసినవాడు క్రిస్టఫర్ నైటింగేల్.

ఫలితమును గూర్చి చెప్పవలెనన్నచో, పూటకూళ్లయింట హాబిట్లు బల్లలెక్కి పాడు 'ది క్యాట్ అండ్ ది మూన్' అను పాటను ముందు చెప్పవలెను. గ్రంథములోను ఫ్రోడో ఆ సందర్భముననే పాడును. ఆ పాటలో మైమఱచి గెంతుటవలననే ఉంగరము వేలికెక్కి వాడు మాయమై, శత్రువులకు జాడ దొఱకును. పాట యిక్కడ కథను ఆపలేదు సరిగదా, దానిని ప్రమాదములోనికి నెట్టినది. మూడవ అంకమున, చావు తప్పదనుకొన్న దారిలో, మన కథనుకూడ ఎవరైన ఎప్పుడైన చెప్పుకొందురా యని సామ్, ఫ్రోడో ముచ్చటించుకొను ఘట్టము గ్రంథమునకే ప్రాణము. దానిని 'నౌ అండ్ ఫర్ ఆల్వేస్' అను యుగళగీతముగా మలచిరి. దాని వెంటనే గొల్లము తనలోని రెండవ మనిషితో తానే వాదించుచు పాడును. స్నేహమును గూర్చి ఇరువురు పాడిన పాట పిమ్మట, స్నేహితుడే లేనివాడు తనతో తాను పాడుకొనుట — ఇంతటి నేర్పు ఆ నాటకమున మఱెక్కడను లేదు.

నాటకమును జూచినవారు మాత్రము పాటలను గూర్చికంటె యంత్రములను గూర్చియే యెక్కువగా చెప్పుకొనిరి. రాబ్ హోవెల్ రచించిన రంగము నలువది టన్నుల బరువుగల, కంప్యూటరుచే నడచు యంత్రము. అందు ఒకదానిలో నొకటి తిరుగు మూడు చక్రములు, పైకి లేచుచు క్రుంగుచు నుండు పదునేడు లిఫ్టులు. నేల కొండయగును, మెట్లగును, అగాధమగును. వటవృక్షపు ఊడలవంటి కొమ్మలు వేదిక చట్టమును దాటి ప్రేక్షకుల పెట్టెలమీదికి ప్రాకియుండెను. ఓర్కులను రాక్షసభటులు స్ప్రింగులు బిగించిన కఱ్ఱకాళ్లపై ఎగురుచు దుముకుచు వచ్చిరి. మొదటి యంకము చివర బాల్‌రోగను అగ్నిభూతము తలయెత్తగా, పెనుగాలి వీచి, నల్లని కాగితపు తునుకలు వేలకొలది ప్రేక్షకుల మొగములపై కురిసెను. పాల్ కీవ్ అను ఇంద్రజాలికుడు ఉంగరధారిని కన్నులయెదుటనే మాయము చేసెను. మన సురభివారు తీగలపై ఘటోత్కచుని ఎగురవేసి, వేదికపై వానలు కురిపించి చేసిన పనులే యివి. తేడా యెల్ల పరిమాణమునను వ్యయమునను.

ఆ వ్యయము సామాన్యముకాదు. టొరంటో ప్రదర్శనకు సుమారు 2 కోట్ల 80 లక్షల కెనడా డాలర్లు పట్టినవని చెప్పుకొనిరి. 2006 మార్చి 23న ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ నాటకశాలలో అది ప్రారంభమాయెను. టొరంటో రంగస్థలమువారు ఇచ్చు డోరా బహుమానములు ఏడు దానికి వచ్చినవి. విమర్శకుల మన్నన మాత్రము రాలేదు. సెప్టెంబరు 3న మూసివేసిరి. నిర్మాతలు క్రుంగిపోక, నాటకమును మూడు గంటలకు కుదించి, కొన్ని పాటలను మార్చి, 2007 జూన్ 19న లండనులోని డ్రూరీ లేన్ రాజనాటకశాలలో మఱల ఎత్తిరి. కోటి ఇరువదియైదు లక్షల పౌనులు ఖర్చుచేసిరన్నది అక్కడి లెక్క. ప్రారంభమునకు ముందటి ప్రదర్శనలలో ఒకనాడు ఒక నటుని కాలు ఆ యంత్రపు నేలలో ఇఱుకుకొని గాయపడగా ఆట నిలిచిపోయినది. 492 ప్రదర్శనలైన పిమ్మట 2008 జులైలో అదియు ముగిసినది. సంవత్సరమునకు పైగా ఆడిన నాటకమును పరాజయమనుట మన దేశమున వింతగా నుండును. కాని ప్రతిరాత్రియు అర్ధశతమునకు దగ్గఱగా నటులు, వారివెనుక యంత్రములు నడుపువారు జీతములకు కూర్చుండగా, పెట్టుబడి చేతికి రావలెనన్నచో పెద్ద నాటకములు అక్కడ ఏండ్లతరబడి ఆడవలెను.

ఆ నాటకమునకు పనిచేసినవారు చేతగానివారనుకొందురేమో! వార్కస్ దర్శకత్వము, హోవెల్ రంగరచన, నైటింగేల్ వాద్యరచన, పీటర్ డార్లింగ్ నృత్యరచన, కీవ్ ఇంద్రజాలము — ఈ ఐదుగురే 2010లో స్ట్రాట్‌ఫర్డున రోఆల్డ్ డాల్ వ్రాసిన 'మటిల్డా'ను సంగీతనాటకముగా వేసి, మఱుసటియేడు లండనునకు తెచ్చి, ఏడు ఆలివియర్ బహుమానములు గెలిచిరి. ఆ పుస్తకము ఒక్క సాయంకాలమున చదువదగినది. అందలి లోకము ఒక యిల్లు, ఒక బడి. చేతులవే, చేతికి వచ్చిన బరువు వేఱు.

బీదతనముకూడ ఒక్కొక్కప్పుడు రంగస్థలమున గుణమై పరిణమించును. గ్రీకు దేవతల సంతానము నేటి అమెరికాలో తిరుగాడునట్లు రిక్ రియోర్డన్ వ్రాసిన పెర్సీ జాక్సన్ కథలలో మొదటిదానిని ఒక చిన్న సంస్థ 2014లో గంటసేపటి నాటకముగా బాలుర కొఱకు ఆడినది. వరుణపుత్రునివంటి ఆ కుఱ్ఱవాని ఆజ్ఞచేత మరుగుదొడ్డి నీళ్లు ఎగజిమ్మవలసిన ఘట్టమున, వారు ఆకులనూదు యంత్రములతో మరుగుదొడ్డి కాగితపు చుట్టలను ప్రేక్షకులమీదికి ఊదిరి. నీరు లేదు, నీటి భ్రమయు లేదు. పిల్లలు మాత్రము కేరింతలు కొట్టిరి. అదే నాటకము పెరిగి 2019లో బ్రాడ్వే చేరినపుడు పెద్ద విమర్శకులు ఆ కాగితములను జూచి పెదవి విఱిచిరి. పెద్ద టిక్కెట్టు కొన్నవాడు భ్రమను కోరును గాబోలు.

ఇక 2023 నాటి ప్రదర్శన జరిగిన పల్లెటూరి నాటకశాల, వాటర్‌మిల్. బర్క్‌షైరు సీమలో న్యూబరీ పట్టణమున కనతిదూరమున బాగ్నర్ అను పల్లె కలదు; అక్కడ ఏటి యొడ్డున ఒకప్పుడు పిండిమరగా నుండిన కట్టడమే నేడు నాటకశాల. ఆసనములు రెండువందల పైచిలుకు మాత్రమే. డ్రూరీ లేనులో వానికి పదిరెట్లు. 2023 వేసవిలో పాల్ హార్ట్ అను దర్శకుడు అక్కడ ఈ నాటకమును మఱల ఎత్తుకొనెను. యంత్రములకు చోటు లేదు, వాద్యగోష్ఠికి గొయ్యి లేదు. కావున ఇరువదిమంది నటులే వయోలినులు, గిటారులు, తప్పెటలు పట్టుకొని, వేషములోనే వాయించుచు, వాయించుచునే నటించుచు నడచిరి. ఆట ఆరంభమైనది నాటకశాల వెలుపలి తోటలో. ప్రేక్షకులు గడ్డిమీద కూర్చుండగా వారినడుమ బిల్బో జన్మదినోత్సవము జరిగెను; హాబిట్లు వారిని ఇరుగుపొరుగువారివలె పలుకరించిరి; ఉంగరముతో బిల్బో మాయమైన పిమ్మట, అందఱును లేచి లోపలికి నడచిరి.

ఇది కేవలము క్రొత్త తమాషా యని త్రోసివేయరాదు. డ్రూరీ లేనులోను తెర లేవకముందే హాబిట్లు మిణుగురుపురుగులను పట్టుచు ప్రేక్షకుల నడుమ తిరిగిరి. విరామమున ఓర్కులు వచ్చి భయపెట్టిరి. ఊహ అప్పుడే యున్నది. యంత్రముయొక్క మ్రోతలో అది కానరాలేదు. వాటర్‌మిల్‌వారు ఆ ఊహనే నాటకమునకు చట్టముగా నమర్చి, ఇది హాబిట్లు తమలో తాము చెప్పుకొను కథ యని స్థిరపఱచిరి. అంతట చిక్కులనేకములు వాటంతట విడిపోయినవి. చెప్పుకొను కథలో రెండు రాజ్యములు ఒక్కటియైనచో ఎవడడుగును? ఊరివా రాడు ఆటలో సాలీడు నలుగురు మోయు బొమ్మయైనచో తప్పేమి? పాటయు అట్లే, ప్రక్కనున్నవాడు తప్పెట తీసికొని దరువు వేయగానే యది యొక యూరి పాటయైనది. రహమాన్, వార్తినా బృందము వ్రాసినది మొదటినుండియు ఇట్టి పాటయే. లండనులో దొరతనపు వాద్యగోష్ఠి గొయ్యిలోనుండి వినవచ్చినపుడు అది ఎవరి పాటయో తెలియలేదు.

నష్టము లేకపోలేదు. ఇరువదిమందితో సేనాసంగ్రామ మాడినచో అది సంగ్రామమని తెలియునేగాని గుండె జల్లుమనదు. బాల్‌రోగు ముందటి ప్రదర్శనలో తెచ్చిన పెనుగాలికి సమానమైనది ఇక్కడ లేదు. ఆ గాలిని ముఖమున అనుభవించినవారు నేటికిని దానిని చెప్పుకొనుచునే యున్నారు. కాని ఆ గేయములలో ఒక్కటియైన ఇంటికి పోవుచు కూనిరాగము తీయగలిగితిమా యన్న ప్రశ్నకు వాటర్‌మిల్‌వారి ప్రేక్షకులే తేలికగా జవాబు చెప్పగలరని నా నమ్మకము.

పల్లెటూరి ప్రదర్శనకు కలిగిన మన్నన చూచి నిర్మాతలు దానిని మఱల పెద్దదారి పట్టించిరి. 2024 వేసవిలో చికాగోలోను, ఆ యేటి చివర న్యూజీలండు దేశపు ఆక్లండులోను, 2025 ఆరంభమున సిడ్నీలోను అది వేదిక లెక్కినది. జాక్సన్ చిత్రములు తీసిన దేశమున, ఆ కొండలను కన్నులార చూచిన జనులయెదుట, కొండలే లేని నాటకము నాడుట చిన్న ధైర్యము కాదు. పైగా ఆక్లండులోని సివిక్ నాటకశాలలో రెండువేలకు మించిన ఆసనములున్నవి. గడ్డి లేదు, ఏరు లేదు, బిల్బో పుట్టినరోజు పండుగకు రెండువేలమందిని ఇరుగుపొరుగువారిని చేయవలెను. టొరంటోలో మొదట ఎదురైన పెద్ద గది, వేఱొక చేతిలోని నాటకమునకు, మఱల ఎదురైనదన్నమాట. ఈసారి మాత్రము దానిని నింపవలసినది లిఫ్టులు కావు, ఇరువదిమంది నటులు, వారి చేతులలోని వయోలినులు.